పరిణయమని వేయొచ్చా?

హిందూపురం,
ఆగస్టు 4.

అయ్యవారికి వీణ నమస్కారాలు.

ఈ కవరులో ఏడు ప్రూఫులున్నాయి. ఎప్పటిలాగే సుంకప్ప చేతికిచ్చి పంపుతున్నాను. ఆయనకు పెనుకొండ ఆఫీసులో ఇంకా రెండేళ్ళ సర్వీసు ఉంది కాబట్టి మన ఉత్తరాలకు రెండేళ్ళు ఢోకా లేదు. ఆ తరువాత మీరు చెవికి మిషను పెట్టించుకోవాలి, లేదా నేను ఫోనులో ఇంకా గట్టిగా అరవడం నేర్చుకోవాలి. పోయినసారి మీతో పావుగంట మాట్లాడితే పక్క చెప్పుల అంగడాయన పరుగెత్తుకొచ్చి "ఏమమ్మా, ఎవరితో గలాటా?" అని అడిగాడు.

శ్రావణం వచ్చేసింది. అంగట్లో కాలు పెట్టే చోటు లేదు. మా నాయన పోయి అయిదేళ్ళయినా జనం ఇంకా "ప్రూఫు అయ్యవారు చూసినారా?" అనే అడుగుతారు. ముప్పై ఏళ్ళుగా ఈ అంగడి నుంచి పోయిన ప్రతి పెండ్లిపత్రికా మీ ఎర్ర ఇంకు తగిలి పోయిందే కదా. మూడో ప్రూఫు ఆమడగూరు వాళ్ళది. అందులో "విందు" అని నేను వేస్తే పెండ్లికొడుకు తండ్రి ఒప్పుకోలేదు, "రిసెప్షన్ ధమాకా" అని వేయమన్నాడు. వేశాను. ఆయనతో మీరే తేల్చుకోండి. అయిదోది మడకశిర వాళ్ళది, ఒక పక్క కన్నడం, ఒక పక్క తెలుగు. కన్నడం పక్కకు నాదీ పూచీ లేదు, మీదీ లేదు.

అసలు సంగతి ఏడో ప్రూఫు. ధర్మవరం నుంచి ఒకామె వచ్చింది. మగ్గం నేస్తుంది. పెండ్లికూతురు తానే. మామూలుగా మా అంగడికి పెండ్లికూతుళ్ళు రారు, వాళ్ళ మేనమామలు వస్తారు, వచ్చి రంగు బాగలేదని పోతారు. ఈమె మ్యాటరు మొత్తం తానే రాసుకొని తెచ్చింది. పైన "శుభ పరిణయం" అని ఉంది. "ఆ మాటకు అర్థమేందో అయ్యవారిని అడిగి చెప్పు, తెలీకుండా నా పత్రిక మీద ఏసుకోను" అనింది. ఇన్నేళ్ళలో ఆ మాట వేయించుకున్న వందల మందిలో ఒక్కరూ అర్థం అడగలేదు. నాకూ తెలియదని అప్పుడే తెలిసింది.

ఇద్దరికీ ఇది రెండో పెండ్లి. ఆమె భర్త పోయి ఆరేళ్ళు, పెండ్లికొడుకు హరికృష్ణగారి భార్య పోయి నాలుగేళ్ళు. కార్తీకంలో ముహూర్తం. కాబట్టి తొందర లేదు, కానీ మీరు తొందరగానే పంపండి.

కమలాక్షత్తను అడిగినట్టు చెప్పండి. ఆమె పంపిన నిమ్మకాయ ఊరగాయ నాలుగు రోజుల్లో అయిపోయింది. సిగ్గు లేకుండా జాడీ తిప్పి పంపుతున్నాను.

వీణ

—

పెనుకొండ,
ఆగస్టు 9.

చిరంజీవి వీణకు జయరాముడు ఆశీస్సులు పలికి రాస్తున్నది.

ఏడు ప్రూఫులూ చూశాను. ఆమడగూరు ఆయనకు చెప్పు, ధమాకా అనేది టపాకాయల డబ్బా మీద ఉండాల్సిన మాట. ఆయన మొండికేస్తే నా పేరు చెప్పు, ఇంకా మొండికేస్తే వేసేయి. వాళ్ళింటి విందు, వాళ్ళింటి చప్పుడు.

ఇక నీ ప్రశ్న. మనవాళ్ళు పెండ్లికి పేర్లు పెట్టడంలో పిసినారితనం చూపలేదమ్మా. ఒక్కో మాట పెండ్లిలో ఒక్కో ఘట్టాన్ని పట్టుకుంది. వివాహమంటే ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి తీసుకొనిపోవడం. పాణిగ్రహణమంటే చేయి పట్టుకోవడం. కల్యాణమంటే శుభం, అందుకే దేవుళ్ళకు ఆ మాటే వాడతాం. కదిరి నరసింహస్వామికి జరిగేది కల్యాణమే, స్వామికి పెండ్లి కుదిరిందని ఎవరూ చెప్పుకోరు. పరిణయంలో "పరి" అంటే చుట్టూ, "నయం" అంటే నడిపించడం. చేయి పట్టి అగ్ని చుట్టూ నడిపించే ఆ కాసేపే పరిణయం. అంత పెద్ద పెండ్లిలో ఆ నాలుగు అడుగులనే ఏరుకున్న మాట అది. నాకు అన్నిటికంటే ఇష్టమైనది అదే.

నోటితో ఎవరూ అనరు. "మావాని పరిణయానికి రాప్పా" అని పిలిస్తే వీనికేదో జబ్బు చేసిందనుకుంటారు. పిలిచేటప్పుడు పెండ్లి, అచ్చులో పరిణయం. పట్టుచీర పెట్టెలో ఉన్నట్టు ఆ మాట పత్రికలో ఉంటుంది.

ధర్మవరం ఆమెకు ఈ అర్థం చెప్పు. అయితే ఆమె ప్రూఫులో రెండు దిద్దుబాట్లు చేశాను. పరిణయం కొట్టేసి వివాహం అని రాశాను. పరిణయం కన్యకు జరిగేది, రెండోసారికి ఆ మాట వాడే పద్ధతి లేదు. వధువు పేరు ముందున్న చి.ల.సౌ. కూడా తీసేశాను. చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి అని భర్త పోయిన స్త్రీని అనరాదు. అడిగితే చూపడానికి ఉంటుందని రెండు కారణాలూ అంచున రాశాను. తక్కినదంతా చక్కగా ఉంది. ఎవరో గాని మంచి తెలుగు రాసింది.

కమలాక్షి జాడీ చూసి నవ్వి, మళ్ళీ నింపి పంపుతోంది. సుంకప్ప దారిలో మూత తీయకుండా గట్టిగా గుడ్డ కట్టింది.

జయరాముడు

—

హిందూపురం,
ఆగస్టు 20.

అయ్యవారికి వీణ నమస్కారం. ఈసారి ఒక్కటే.

మీ కవరు వచ్చిన రోజు నేను గుడిబండలో మా ఆడబిడ్డ గృహప్రవేశంలో ఉన్నాను. అంగట్లో మారుతి ఒక్కడే ఉన్నాడు. మిషను పనిలో వానికి సాటి లేదు, ఒక్క నియమం మాత్రం చచ్చినా వదలడు. దిద్దిన ప్రూఫు మీద కస్టమరు సంతకం లేనిదే మిషను ఎక్కించడు. ధర్మవరం ఆమె వస్తే మీరు దిద్దిన ప్రూఫు చేతికిచ్చి "ఈడ సంతకం పెట్టక్కా" అన్నాడట. ఆమె నిలబడే చదివింది. అంచున మీరు రాసింది రెండోసారి కూడా చదివింది. వాడు పెన్ను చాపితే "వద్దులేప్పా, కార్డులు ఆపేయండి" అని ప్రూఫు మడిచి సంచిలో పెట్టుకొని రైలెక్కి పోయింది.

మరుసటి రోజు నేను ధర్మవరం పోయాను. మగ్గం ముందర కూర్చునే ఉంది, నేయడం లేదు. "పెండ్లే ఆపేస్తాండా వీణా" అనింది. "ఊళ్ళో వాళ్ళు ఏమనుకుంటాండారో నాకు తెలుసు. అనుకోనీ అని ధైర్యం చేసినా. అయ్యవారు కూడా అట్లే అనుకుంటాండారంటే, ఇంక తప్పు నాదేనేమో" అనింది. పరిణయానికి మీరు రాసిన అర్థం చదివి వినిపించాను. వాళ్ళింట్లో కాఫీ తాగి వచ్చేశాను.

ఇప్పుడు మీకు చెప్పని మాట చెబుతాను. ఆమె మన పద్మ. ఇరవై నాలుగేళ్ళ కిందట మీ పదో తరగతిలో నా పక్కన కూర్చున్న పద్మ. మీరు పద్యం అప్పజెప్పమంటే బెంచీ కింద దూరేది నేను, లేచి నిలబడేది ఆమె. "ఈ పిల్ల పంతులమ్మ కాకపోతే నా పేరు మార్చుకుంటా" అన్నారు మీరు. పద్దెనిమిదేళ్ళకే పెండ్లి చేసి ధర్మవరం పంపించేశారు, పంతులమ్మ కాలేదు, మీరూ పేరు మార్చుకోలేదు. ప్రూఫు మీద ఉన్నది అత్తింటి ఇంటిపేరు కాబట్టి మీకు ఆనవాలు దొరకలేదు. తాను ఫలానా అని నన్ను చెప్పనీయలేదు. అచ్చయిన పత్రిక పట్టుకొని నేరుగా మీ ఇంటికి వచ్చి మీ కాళ్ళకు మొక్కాలని ఆమె ఆశ.

మా నాయన ప్రూఫులేవీ పారేసేవాడు కాదు, మీకు తెలుసు. నిన్నంతా ఆ కట్టలు విప్పుకొని కూర్చున్నాను. భార్య పోయి మళ్ళీ చేసుకున్న మగవాళ్ళవి, నాకు తెలిసినంతలోనే పదకొండు పత్రికలు దొరికాయి. పదకొండింటి మీదా "శుభ పరిణయం". పదకొండు మంది పేర్ల ముందూ "చి." ఉంది. అందులో ఒకాయనకు అది మూడోది, ఆ చిరంజీవికి అప్పటికి యాభై ఆరేళ్ళు. ఎక్కడా మీ ఎర్ర ఇంకు చుక్క పడలేదు. అంతెందుకు, మొన్నటి ప్రూఫులోనే హరికృష్ణగారి "చి." చెక్కు చెదరకుండా ఉంది. ఆయనకు మాత్రం ఇది మొదటిదా అయ్యవారూ?

మీరంటే నాకు భయం, గౌరవం రెండూ ఉన్నాయి. ఈ ఉత్తరంలో రెండూ కాస్త తగ్గినట్టు అనిపిస్తే మన్నించండి.

వీణ

—

పెనుకొండ,
ఆగస్టు 25.

వీణకు.

నువ్వు వెతికి తీసిన పదకొండింటిలోనూ వధువులకు మొదటి పెండ్లే. పరిణయమనే మాట వధువును బట్టి వాడతాం. ఇది నేను కల్పించింది కాదు, పెద్దలు నడిపిన పద్ధతి. పద్మ అని తెలిసి ఉన్నా అట్లే దిద్దేవాణ్ణి. ప్రూఫు చూసేవాడు మనిషిని చూసి దిద్దకూడదు.

నా దిద్దుబాట్లు మీ కస్టమర్లకు గిట్టకపోతే వేరొకరిని చూసుకో. హిందూపురంలో తెలుగు చదివినవాళ్ళకు కరువు లేదు. ఈ వారం ప్రూఫులు విప్పకుండా తిప్పి పంపుతున్నాను.

జయరాముడు

(అదే కవరులో, చింపిన కాలెండరు కాగితం వెనుక, పెన్సిలుతో)

అమ్మా వీణా,

నేను కమలాక్షత్తను. ఈ ఇంట్లో కవర్లు అంటించే పని నాది, అందుకే ఇది లోపల పెడుతున్నాను. నీ ఉత్తరం మా అన్న బల్ల మీద విసిరేసి పోయినాడు, నేను తీసి చదివినాను. నువ్వు రాసిందాంట్లో ఒక్కటీ అబద్ధం లేదు. ఆయన ఈ నాలుగు ముక్కలు రాయడానికి మూడు రోజులు పట్టింది, ఆ మూడు రోజులూ సరిగ్గా అన్నం తినలేదు. కోపమొచ్చిన మనిషి బాగా తింటాడు, తప్పు చేసినట్టు తెలిసినవాడే తినలేడు.

నా భర్త పోయేటప్పటికి నాకు ఇరవై నాలుగేళ్ళు. అప్పటి నుంచి నలభై ఏళ్ళుగా అన్న ఇంట్లోనే ఉన్నాను. నీకు ఇదంతా తెలుసు, అయినా నీ ఉత్తరంలో నా మాట ఎత్తలేదు. ఆ మర్యాదకు సంతోషం. పద్మ అడ్రసు పంపు, నేను ఆ పిల్లకు రాయాల. మా అన్నకు చెప్పొద్దు. చెప్పినా ఏమీ కాదులే.

—

ధర్మవరం,
సెప్టెంబరు 12.

పూజ్యురాలు కమలాక్షమ్మగారికి పద్మ నమస్కరించి రాస్తున్నది.

మీ ఉత్తరం అందింది. చిన్నప్పుడు అయ్యవారి ఇంటికి నోటు పుస్తకాలు మోసుకొచ్చినప్పుడు మీరు బెల్లం, వేయించిన శనగవిత్తనాలు పెట్టేవాళ్ళు. మీకు నేను గుర్తుంటానని అనుకోలేదు. "ఆపింది మా అన్న మాటకా, నీ మనసుకా?" అని అడిగారు. వారం రోజులు ఆ ఒక్క ప్రశ్నే నాతో పాటు మగ్గం మీద కూర్చుంది.

ముందు నేను చేసుకోబోయే ఆయన సంగతి చెప్పాలి. రైల్వేలో పని. మాట తక్కువ. చెల్లెలి పెండ్లిచీర నేయమని చెప్పి, ప్రతి ఆదివారం వచ్చి ఎంతవరకు అయిందో చూసిపోయేవారు. చీర ముగించి ఇచ్చేశాను. ఆ పై ఆదివారమూ వచ్చారు. "చీర అయిపోయింది కదండీ" అంటే "తెలుసు" అన్నారు. అట్లా మొదలైంది. ఇప్పటికీ అంతకంటే పెద్ద మాటలేవీ మాట్లాడలేదు. నాకు అదే బాగుంది.

ఆ మాట కోసం ఇంత పట్టింపు ఎందుకని మీరు అనుకోవచ్చు. చీర కొంగులో వధూవరుల పేర్లు నేయించుకునేవాళ్ళు పెండ్లిపత్రిక కూడా ఇచ్చిపోతారు. అక్షరం తప్పు పోకుండా దాన్ని మగ్గానికి గుచ్చుకొని, చూస్తూ నేస్తాను. పదిహేనేళ్ళుగా నా కళ్ళ ముందు ఎవరిదో ఒకరి పరిణయం వేలాడుతూనే ఉంది. ఒక్కసారి నాది వేలాడితే చూసుకోవాలనిపించింది. అయ్యవారు చెప్పిన అర్థాన్ని వీణ చదివి వినిపించింది. అగ్ని చుట్టూ నడిపించడం అట. నాకు ఇంకా నచ్చింది. పద్దెనిమిదేళ్ళప్పుడు ఎవరో నడిపిస్తే నడిచాను, పొగకు కళ్ళు మండినది తప్ప ఏమీ గుర్తు లేదు. ఈసారి కళ్ళు తెరిచి నడవాలనుకున్నాను.

భర్త పోయాడని అయ్యవారు రాసింది నిజమే, దానికి నాకు బాధ లేదు. "అనరాదు" అని రాశారు చూడండి, అది తగిలింది. మా అమ్మా నాయనా లేరు. మా అన్న "చేసుకో, అడ్డం రాను, పిలిచేది మాత్రం నేను కాదు, నా పేరు వేయొద్దు" అన్నాడు. పిలిచేవాళ్ళు లేని పెండ్లికి అయ్యవారి దీవెన అయినా ఉంటుందనుకున్నాను. అదీ లేదని తెలిశాక ఎవరిని చూసుకొని పీటల మీద కూర్చోవాలి?

దసరా లోపల మండపం వాళ్ళకు ఔననో కాదనో చెప్పాలి. ఆయన నీ ఇష్టం అంటున్నారు. మీ ప్రశ్నకు నా జవాబు ఇదే అమ్మా. నా మనసు ఆగలేదు, కాళ్ళే ఆగిపోయాయి.

పద్మ

—

పెనుకొండ,
సెప్టెంబరు 24.

చిరంజీవి వీణకు.

ఆశీర్వదించే అర్హత ఉందో లేదో తెలియక అక్కడ ఖాళీ వదిలేశాను.

పద్మ రాసిన ఉత్తరాన్ని కమలాక్షి నా కాఫీ గ్లాసు కింద పెట్టి పోయింది. చదివాను. చదివిన తరువాత కూడా నా మాటే నెగ్గాలనే పట్టుదలతో నిఘంటువులు దించాను. ఇంట్లో మూడున్నాయి. మూడింటిలోనూ పరిణయం ఉంది. చుట్టూ నడిపించడమని ఉంది, పెండ్లి అని ఉంది. ఎన్నోసారి నడవాలో ఎక్కడా లేదు. కన్య అనే మాటే లేదు. నాకు పాఠం చెప్పిన పంతులు అట్లా అనేవాడు, నేను విన్నాను, నలభై ఏళ్ళు దాన్నే శాస్త్రమని అందరికీ చెప్పాను. సున్నా, అరసున్నా తప్పుపోతే పట్టుకునేవాణ్ణి, ఈ సంగతి ఒక్కసారి తెరిచి చూడలేదు.

పుస్తకాలు ముందేసుకొని కూర్చుని ఉంటే కమలాక్షి వచ్చి ఎదురుగా కూర్చుంది. నాకు వినపడాలని గట్టిగా, అంటే వీధికంతా వినపడేలా అడిగింది. "అన్నా, కదిరి వేణుగోపాల్ అయ్యవారు వచ్చి అడిగినప్పుడు కూడా పుస్తకం చూసే చెప్పినావా?"

ఇది నీకు తెలియదు, ఎవరికీ తెలియదనుకున్నాను. వేణుగోపాల్ మా స్కూల్లో లెక్కల అయ్యవారు. భార్య పోయినవాడు. కమలాక్షి మా ఇంటికి వచ్చేసిన రెండో ఏడు ఒక సాయంత్రం వచ్చి, మీ చెల్లెల్ని చేసుకుంటానని అడిగాడు. లోపలికి కూడా పిలవలేదు. "మా ఇంట్లో అట్లాంటి పద్ధతి లేదు" అని వాకిట్లో నుంచే పంపించేశాను. ఆమె వంటింట్లో ఉంది, వినలేదులే అనుకున్నాను. అన్ని ఏళ్ళూ వినలేదనే అనుకుంటూ బతికాను. మొత్తం విన్నదట.

"నిన్ను అడిగింటే ఏమి చెప్పేదానివి?" అన్నాను.

"అడిగింటే కదా తెలిసేది" అంది.

వీణా, నాకు ఏడుపొచ్చింది. డెబ్భై ఏళ్ళవాణ్ణి, చెల్లెలి ముందు కూర్చుని ఏడ్చాను. ఆమె ఓదార్చలేదు. కుక్కరు విజిలు వేస్తే లేచి పోయింది. కాసేపటికి వచ్చి "అన్నం తిను, మూడు దినాల నుంచీ తిన్లేదు" అంది. తిన్నాను.

ఈ కవరులో పద్మకు వేరే ఉత్తరం ఉంది. నువ్వు చదవొద్దు. చదువుతావని తెలుసు. ఇంకో కాగితం మీద ఆమె పత్రిక మ్యాటరు మొదటి నుంచీ నా చేత్తో రాశాను. పైన శుభ పరిణయం. ఇద్దరూ చిరంజీవులే, ఆమె లక్ష్మీ సౌభాగ్యవతి కూడా. ఆ మూడు మాటలూ దీవెన, దీవించేవాని మనసు సరిగ్గా ఉంటే చాలు. ఆహ్వానించువారు అని ఉన్నచోట "జయరాముడు, రిటైర్డు తెలుగు పండితులు" అని నా పేరు వేశాను. అన్న పిలవకపోతే చదువు చెప్పినవాడు పిలుస్తాడు. పద్మకు చూపించు. మారుతి నియమం మంచిదే, ఆమె సంతకం పెడితేనే మిషను ఎక్కించండి.

జయరాముడు

—

హిందూపురం,
సెప్టెంబరు 29.

అయ్యవారికి వీణ నమస్కారాలు, బోలెడన్ని.

మీరు వద్దన్న ఉత్తరాన్ని నేను సగమే చదివాను. తక్కిన సగం కళ్ళు మసకబారి చదవలేకపోయాను, కాబట్టి నన్ను నమ్మొచ్చు.

పద్మ నిన్న వచ్చింది. స్టూలు మీద కూర్చొని మీ ఉత్తరం చదివింది, కొంగుతో ముక్కు తుడుచుకుంది, మళ్ళీ చదివింది. "అయ్యవారు ఇంత పెద్ద ఉత్తరంలో ఒక్క కొట్టివేత కూడా లేకుండా రాసినారు చూడు" అని నవ్వింది. అంగట్లో నుంచే హరికృష్ణగారికి ఫోను చేసి మండపం ఖాయం చేసుకోమని చెప్పింది. ఆయన అటు నుంచి ఏమన్నారో గాని "సరే" కంటే పెద్ద మాట అయి ఉండదు. పద్మ ముఖం మాత్రం దీపాలు పెట్టినట్టు అయింది.

తరువాత మీరు రాసిన మ్యాటరు చేతికిచ్చాను. నిదానంగా చదివింది. చదివి "ఎర్రపెన్ను ఉండాదా?" అని అడిగింది. మళ్ళీ ఏం గొడవో అనుకుంటూనే ఇచ్చాను.

అయ్యవారూ, మీ పేరు కొట్టేసింది. రిటైర్డు తెలుగు పండితులతో సహా. మిమ్మల్ని తీసి కిందికి, "ఆశీస్సులతో" అనే చోటికి పంపింది. ఆహ్వానించువారు దగ్గర "కమలాక్షి" అని రాసింది. "అయ్యవారికి కోపమొస్తుందేమో పద్మా" అంటే "రానీ, నా ప్రూఫు నేనే చూసుకుంటా. మనసు పెట్టి నన్ను మొదట అడిగింది ఆయమ్మ, పిలవాల్సింది ఆయమ్మే" అనింది.

ఇంకో మాట కూడా చెప్పింది. పిలిచేవాళ్ళుగా పేరు పడితే ఇల్లిల్లూ తిరిగి ఆడవాళ్ళకు బొట్టు పెట్టి పిలవాలి. కమలాక్షత్త చేతి బొట్టు పెనుకొండలో ఎంతమంది పెట్టించుకుంటారో పద్మకు తెలియనిది కాదు. అందుకే బలవంతం లేదంది. అత్త వద్దంటే ఆ చోటు ఖాళీగా వదిలి అచ్చు వేయమంది, ఇంకెవరి పేరూ వద్దంది.

పద్మ దిద్దిన కాగితం ఇందులోనే పెట్టాను. మీరే అత్తను అడిగి రాయండి. ఒప్పుకుంటే పేరు ముందు ఏమి వేయాలో కూడా చెప్పండి. శ్రీమతి అనొచ్చా, వేరే పద్ధతి ఏమైనా ఉందా?

వీణ

—

పెనుకొండ,
అక్టోబరు 7.

చిరంజీవి వీణకు ఆశీస్సులు.

నా పేరు కొట్టేసిన చోట పద్మ గీత ఎంత తిన్నగా ఉందో చూశావా? నేను నేర్పిందే. కోపం రాలేదు. కొంచెం వచ్చింది, పోయింది.

కమలాక్షి నాలుగు రోజులు ఒప్పుకోలేదు. "నా చేత బొట్టు ఎవరు పెట్టించుకుంటారు? ఆ పిల్ల పెండ్లికి అపశకునమని పేరు తెస్తానా?" అంటూ తిరిగింది. నేను నచ్చజెప్పబోతే "నువ్వు మాట్లాడొద్దు, నువ్వు మాట్లాడింది చాలు" అంది. నోరు మూసుకున్నాను. అయిదో రోజు పొద్దున పెరుగన్నం కలుపుతూ తనంతట తానే "వేయమను" అంది.

పేరు ముందు ఏమి వేయాలని అడిగాను. "నాయన పెట్టిన పేరు చాలదా?" అంది. కాబట్టి ఉత్త కమలాక్షి అని వేయి. ఆ పేరు అచ్చులో పడి నలభై నాలుగేళ్ళయింది. పెద్ద అక్షరాల్లో వేయి.

జయరాముడు

—

పెనుకొండ,
నవంబరు 2.

చిరంజీవి వీణకు ఆశీస్సులు.

కార్డులు అందాయి. అచ్చు బాగుంది. కమలాక్షి ఒక కార్డు తీసుకొని తన పేరు మీద వేలితో రాసి చూసింది, ఇంకు అంటుతుందేమోనని. ఆ కార్డు ఎవరికీ ఇవ్వకుండా తన పెట్టెలో పెట్టుకుంది. అంటే ఒకటి తక్కువ పడుతుంది.

ఈ రోజు పొద్దున పిలుపులు మొదలుపెట్టాం. తలంటు పోసుకొని, ఆకుపచ్చ చీర కట్టుకొని, కుంకుమ భరిణె తుడిచి నింపుకుంది. మొదట ఎవరింటికి అని అడిగితే పుల్లయ్య ఇంటికి అంది. నాకు భయం వేసింది. పుల్లయ్య భార్య పెద్దక్క ఆచారాల్లో మా వీధికి జడ్జి. ఏదైనా పని మీద బయలుదేరుతున్నప్పుడు మా చెల్లెలు ఎదురైతే, వెనక్కి పోయి గ్లాసుడు నీళ్ళు తాగి మళ్ళీ బయలుదేరే మనిషి. తెలిసిన ఇల్లు ఏదైనా ముందు పెట్టుకుందాం అన్నాను. "కాదు, కాదంటే ఆడనే కాదంటారు, తక్కిన ఇండ్లకు తిరిగే పని తప్పుతాది" అంది.

నేను కార్డుల సంచి పట్టుకొని వెనక నడిచాను. పెద్దక్క వాకిట్లో చాటలో బియ్యం ఏరుతోంది. కమలాక్షి గడప ఇవతలే నిలబడి కార్డు చాపింది. "మా పద్మ పెండ్లి పెద్దక్కా, ధర్మవరంలో. ఇంటిల్లిపాదీ రావల్ల" అంది. భరిణె మూత తీసి ఉంగరపు వేలు కుంకుమలో అద్దింది. ఆ పైన చేయి లేవలేదు. అట్లే నిలబడిపోయింది.

వీణా, ఆ కాసేపు నేను పడిన అవస్థ ఏమని చెప్పేది. ఏదో ఒకటి మాట్లాడాలని నోటి దాకా వచ్చింది, పళ్ళు బిగబట్టుకున్నాను. ఆ చేయి అక్కడ ఆగడానికి సగం కారణం నేనే కదా.

పెద్దక్క చాట పక్కన పెట్టి కార్డు తీసుకుంది. దూరంగా పట్టుకొని, దగ్గరగా పట్టుకొని, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ పై నుంచి కింది దాకా చదివింది. ఆహ్వానించువారు దగ్గర ఆగింది.

"ఈ కమలాక్షి అంటే నువ్వేనా?"

"నేనే."

"పిలిచేది నువ్వేనా?"

"నేనే పెద్దక్కా."

పెద్దక్క లేచింది. కొంగుతో నుదుటి చెమట తుడుచుకొని, గడప దాటి బయటికి వచ్చి, మా చెల్లెలి ముందు తల చాపింది. "పెట్టు మల్ల. చెయ్యి వణకనీకు, వంకరవుతాది."

వంకరగానే పడింది. పెద్దక్క తుడుచుకోలేదు.

ఇంకా పదిహేడు ఇళ్ళున్నాయి. కమలాక్షి వాకిట్లో చెప్పులేసుకొని సంచి ఎక్కడని అరుస్తోంది, పోవాలి.

జయరాముడు